ల్యాప్‌టాప్‌కు కొత్త హార్డ్ డిస్క్ కొనేముందు మూత తీసి చూడండి

మా డీటీపీ సెంటర్ చిక్కడపల్లిలో, మెట్రో స్టేషన్‌కు నడిచి వెళ్లేంత దూరంలో ఉంటుంది. పెళ్లి పత్రికలు, త్యాగరాయ గానసభలో జరిగే సభలకు ఆహ్వానాలు, కవితా సంపుటాలు, దశదినకర్మ కార్డులు, ఇరవై ఏళ్లకు పైగా ఇదే పని. ఈ మధ్య పని మీద వచ్చినవాళ్లలో నలుగురు ఒకటే మాట అడిగారు: "మేడమ్, ల్యాప్‌టాప్ హార్డ్ డిస్క్ పోయేలా ఉంది, ఏది కొనమంటారు?" ఒక్కొక్కరికీ విడిగా చెప్పినదంతా ఇక్కడ ఒకచోట పెడుతున్నాను. నేను ఇంజినీర్‌ని కాను. నా ల్యాప్‌టాప్‌లో డిస్క్ మార్చుకునేటప్పుడు కొంత డబ్బు, రెండు రోజుల పని పోగొట్టుకుని నేర్చుకున్న సంగతులు ఇవి. మీకు ఆ నష్టం రాకూడదని రాస్తున్నాను.

మొదట నాకేం జరిగిందో చెబుతాను. ఒక రిటైర్డ్ లెక్చరర్ గారి జ్ఞాపకాల పుస్తకం, 212 పేజీలు, మూడో ప్రూఫ్ దిద్దుబాట్లు చేస్తున్నాను. ఆ రోజు పేజ్‌మేకర్‌లో, అంటే మేం పేజీలు కూర్చే ప్రోగ్రాంలో, ఫైల్ తెరుచుకోదు. టాస్క్ మేనేజర్ చూస్తే డిస్క్ 100 శాతం దగ్గర అలాగే నిలబడి ఉంది. ఫ్యాన్ ఆపి, కుడి అరచేయి ఆనే చోట చెవి పెట్టి విన్నాను. టిక్... టిక్... కాసేపు నిశ్శబ్దం, మళ్లీ టిక్. ఎవరో రేకు మీద గోటితో మీటుతున్నట్టు ఉంది.

హార్డ్ డిస్క్ లోపల పళ్లేలు తిరుగుతుంటాయి, వాటి మీద సన్నని గాలి పొర ఆధారంగా హెడ్ తేలుతూ చదువుతుంది. కావాల్సిన చోటు దొరకనప్పుడు హెడ్ వెనక్కి వెళ్లి మళ్లీ మొదలుపెడుతుంది. ఆ శబ్దం అదే. కాబట్టి అది వినగానే చేయాల్సిన పని దుకాణానికి పరిగెత్తడం కాదు, ముఖ్యమైన ఫైళ్లు బయటకు తీయడం. అదీ వరుస ప్రకారం. మొత్తం సీ డ్రైవ్‌ను కాపీకి పెట్టేస్తే, చచ్చిపోతున్న డిస్క్ చేత పనికిరాని వాటిని మోయించినట్టు అవుతుంది. నేను ముందు ఆ పుస్తకం ఫైలు, అందులో పెట్టిన ఫొటోలు, తర్వాత తెలుగు టైపింగ్‌కు వాడే అను ఫాంట్ల ఫోల్డరు, ఆ తర్వాత ఆ నెల ఆర్డర్లు పెన్‌డ్రైవ్‌లోకి తీశాను. ఇంట్లో ఫొటోలు అప్పటికే ఇంకోచోట ఉన్నాయి కాబట్టి వాటి జోలికి పోలేదు.

శబ్దం ఆగకుండా వస్తూ, బయోస్‌లో (విండోస్ కంటే ముందు వచ్చే సెట్టింగుల తెరలో) డిస్క్ పేరే కనిపించకపోతే మాత్రం వెంటనే ఆపేయండి. మళ్లీ మళ్లీ ఆన్ చేయకండి. దయచేసి ఫ్రిజ్‌లో పెట్టకండి, ఆ చిట్కా ఇప్పటికీ చెబుతూనే ఉన్నారు. లోపల చెమ్మ చేరితే మిగిలినదీ పోతుంది. అందులో వేరే ఎక్కడా లేని ఫైళ్లు ఉంటే, దుమ్ము లేని గదిలో డిస్క్ తెరిచే డేటా రికవరీ వాళ్ల దగ్గరకే వెళ్లాలి. కౌంటర్ మీద పెట్టి మూత విప్పుతానన్న వాళ్లకు ఇవ్వొద్దు.

డిస్క్ ఇంకా పనిచేస్తూ, నెమ్మదిగా మాత్రమే ఉంటే, తప్పు దానిదేనా అని తేల్చుకోవాలి. క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అని ఉచిత ప్రోగ్రాం ఉంది. తెరవగానే గుడ్ అని నీలం, కాషన్ అని పసుపు, బ్యాడ్ అని ఎరుపు చూపిస్తుంది. రంగుతో ఆగిపోకుండా కింద వరుసల్లో 05, సీ5, సీ6 చూడండి. 05 అంటే చెడిపోయి పక్కకు తప్పించిన సెక్టార్లు (డిస్క్‌లోని చిన్న చిన్న గడులు), సీ5 అంటే చదవలేక అనుమానంలో పెట్టినవి, సీ6 అంటే ఇక సరిచేయలేనివి. వీటికి ఎదురుగా ఉన్న రా వాల్యూ సున్నా ఉండాలి. నా దాంట్లో సీ5 ఉదయం ఒక అంకె, సాయంత్రానికి ఇంకో అంకె. అలా పెరుగుతోందంటే డిస్క్ మార్చక తప్పదు. ఆ మూడూ సున్నా ఉండి సీ7 ఒక్కటే పెరుగుతుంటే డిస్క్‌ను అనుమానించకండి. అది కేబుల్ సరిగా ఆనకపోవడం వల్ల వచ్చే లెక్క. కొన్ని ల్యాప్‌టాప్‌లలో డిస్క్‌కు, బోర్డుకు మధ్య పల్చటి రిబ్బన్ కేబుల్ ఉంటుంది, అది మారిస్తే సరిపోతుంది. కేబుల్ పోతే డిస్క్ కొన్నవాళ్లు నాకు తెలుసు.

ఇక అసలు విషయం. కొత్త డిస్క్ ఎంపిక దుకాణంలో మొదలవదు, మీ ఇంట్లో స్క్రూడ్రైవర్‌తో మొదలవుతుంది. నేను చేసిన పొరపాటు ఇక్కడే. ల్యాప్‌టాప్ 2017లో కొన్నది. చిక్కడపల్లిలో మెట్రో ఎక్కి, పరేడ్ గ్రౌండ్స్‌లో లైను మారి, పారడైజ్‌లో దిగి సీటీసీకి వెళ్లాను. అదే, చెనాయ్ ట్రేడ్ సెంటర్. ఒక కౌంటర్ దగ్గర కుర్రాడు, "అక్కా, మోడల్ పేరు చెప్పండి చాలు, సెట్టయ్యేది ఇస్తాను" అన్నాడు. చెప్పాను. ఫోన్‌లో ఏదో చూసి, "మీ దాంట్లో ఎం.2 స్లాట్ ఉంది, ఎన్‌వీఎంఈ వేసుకోండి, రాకెట్‌లా ఉంటుంది" అని ఒక డబ్బా చేతిలో పెట్టాడు. ఆ పేర్లేమిటో తర్వాతి పేరాలో చెబుతాను. నేనూ సరేనన్నాను. ఇంటికొచ్చి బిగించాను. చక్కగా పట్టింది, స్క్రూ కూడా సరిపోయింది. బయోస్‌లో మాత్రం పేరే రాలేదు. తీసి పెట్టాను, తుడిచి పెట్టాను, రాత్రి పన్నెండు దాకా అదే పని. మర్నాడు కంపెనీ సర్వీస్ మాన్యువల్ చదివితే తెలిసింది: నా ల్యాప్‌టాప్‌లో ఆ స్లాట్‌కు సాటా లైన్లు మాత్రమే ఉన్నాయి, ఎన్‌వీఎంఈ పనిచేయదు. దుకాణం వాళ్లు మార్చి ఇచ్చారు గానీ, సీల్ తీశారని కొంత కోసుకున్నారు. "ఏమ్మా, నా పుస్తకం భద్రమేనా?" అని ఆ రెండు రోజుల్లో సార్ నాలుగుసార్లు ఫోన్ చేశారు. ఫైలు నా దగ్గర పెన్‌డ్రైవ్‌లో ఉంది కాబట్టి ధైర్యంగా జవాబు చెప్పగలిగాను.

ఎం.2 అనేది ఆకారం పేరు. చూయింగ్ గమ్ పట్టీలా ఉండే సన్నని కార్డు. దాని లోపల నడిచే భాష రెండు రకాలు: ఒకటి సాటా, ఇంకోటి ఎన్‌వీఎంఈ. చూడ్డానికి అక్కచెల్లెళ్లలా ఉంటాయి. బంగారు రంగు పళ్ల వైపు చూడండి. ఒక్క గాటు ఉంటే సాధారణంగా ఎన్‌వీఎంఈ, రెండు గాట్లు ఉంటే ఎక్కువగా సాటా. అయితే రెండు గాట్లున్న ఎన్‌వీఎంఈ కార్డులూ కొన్ని ఉన్నాయి, కాబట్టి గాట్లు లెక్కపెట్టి నిర్ణయించకుండా లేబుల్ మీద ఏం రాసి ఉందో చదవాలి. స్లాట్ సంగతి ఇంకా కష్టం. కార్డు పట్టినంత మాత్రాన పనిచేస్తుందని అర్థం కాదు, నాకు పట్టింది కదా. మీ మోడల్ పేరుతో పాటు సర్వీస్ మాన్యువల్ అని వెతికితే లెనోవో, డెల్, హెచ్‌పీ కంపెనీల పీడీఎఫ్‌లు వాళ్ల సైట్లలోనే దొరుకుతాయి. అందులో స్టోరేజ్ అన్న పేజీలో ఆ స్లాట్ ఏది తీసుకుంటుందో, ఎంత పొడవు కార్డు పడుతుందో రాసి ఉంటుంది. ఆ పేజీ ఫొటో తీసుకుని దుకాణానికి వెళ్లండి.

పొడవు అంటున్నాను కదా, దాన్నీ చెబుతాను. కార్డు మీద 2280 అని ఉంటే 22 మి.మీ. వెడల్పు, 80 మి.మీ. పొడవు. 2242, 2230 కూడా అలాగే చదవాలి. పెద్ద స్లాట్‌లో చిన్న కార్డు పెట్టాలంటే స్క్రూ బిగించే చోటు ఉండాలి. చిన్న స్లాట్‌లో పెద్దది ఎలాగూ పట్టదు. పల్చటి ల్యాప్‌టాప్‌కు పైన లోహపు హీట్‌సింక్ అతికించి ఉన్న కార్డు కొనకండి, అడుగు మూత మూసుకోదు.

పాత రకం, అంటే అరచేతిలో పట్టే పెట్టెలాంటి డిస్క్ మీ ల్యాప్‌టాప్‌లో ఉంటే పని సులువు. దాన్ని 2.5 అంగుళాల సాటా అంటారు. చూడాల్సింది మందం. పాత ల్యాప్‌టాప్‌లలో 9.5 మి.మీ., తర్వాత వచ్చిన వాటిలో 7 మి.మీ. ఇప్పుడు దొరికే 2.5 అంగుళాల ఎస్‌ఎస్‌డీలు (తిరిగే పళ్లేలకు బదులు చిప్‌లలో డేటా దాచేవి) దాదాపు అన్నీ 7 మి.మీ. ఉంటాయి. 9.5 చోటులో అవి కొంచెం వదులుగా ఉంటే చుట్టూ పెట్టే ప్లాస్టిక్ ఫ్రేమ్ అడగండి. చాలా పాత ల్యాప్‌టాప్‌లో సన్నని పిన్నులు రెండు వరుసల్లో ఉన్నాయంటే అది ఐడీఈ, సాటా డిస్క్ అందులోకి ఎక్కదు.

మూత తీసేటప్పుడు నేను చేసే పద్ధతి ఇది. షిఫ్ట్ నొక్కి పట్టుకుని షట్‌డౌన్ కొడతాను, అప్పుడు విండోస్ సగం నిద్రలో ఉండకుండా పూర్తిగా ఆగుతుంది. చార్జర్ తీస్తాను. ఒక తెల్ల కాగితం మీద ల్యాప్‌టాప్ అడుగుభాగం బొమ్మ గీసి, ఏ స్క్రూ ఎక్కడిదో ఆ చోటే పెట్టి టేపు అతికిస్తాను. ఇది చాదస్తం కాదు. వెనకవి పొడవు, ముందువి పొట్టి. పొడవాటిది పొట్టి చోట బిగిస్తే పైన కీబోర్డు దగ్గర పొడుచుకు వస్తుంది. మూత అంచుల్లో ఉండే లాకులు విప్పడానికి పాత ఏటీఎం కార్డు చాలు. మూత తీశాక ముందు బ్యాటరీ కనెక్టర్ ఊడదీయాలి, ఏదైనా లోహాన్ని ముట్టుకుని ఒంట్లో స్టాటిక్ పోగొట్టుకోవాలి, ఆ తర్వాతే డిస్క్ మీద చేయి. ఇక్కడ ఆగి ఒక ఫొటో: డిస్క్ లేబుల్ స్పష్టంగా కనిపించేలా. ఆ తర్వాత ఖాళీ స్లాట్ ఏదైనా ఉంటే దానిది ఇంకో ఫొటో.

తెరిచాక డిస్కే కనిపించకపోతే? చవక ల్యాప్‌టాప్‌లలో ఈఎంఎంసీ అని స్టోరేజ్ చిప్‌ను బోర్డుకే అతికించేస్తారు. మ్యాక్‌బుక్ ప్రోలో 2012 నాటి రెటినా లేని మోడల్‌కు మామూలు 2.5 అంగుళాల సాటా డిస్క్ పడుతుంది, ఇటీవలి వాటిలో స్టోరేజ్ బోర్డులోనే ఉంటుంది, తీసి వేరేది పెట్టే వీలు లేదు. అలాంటప్పుడు డబ్బు బయట పెట్టుకునే డిస్క్ మీద పెట్టండి.

హార్డ్ డిస్కా, ఎస్‌ఎస్‌డీనా? ల్యాప్‌టాప్ లోపలికైతే ఎస్‌ఎస్‌డీయే, నాకు ఇందులో రెండో మాట లేదు. 5400 ఆర్‌పీఎం డిస్క్ సెకనుకు 90 చుట్లు తిరుగుతుంది. ప్రతి చిన్న ఫైలుకూ హెడ్ కదలాలి, ఆ ముక్క తన కిందకు వచ్చేదాకా ఆగాలి. విండోస్ మొదలయ్యేటప్పుడు అలాంటి చిన్న ఫైళ్లు వేలల్లో ఉంటాయి. ఎస్‌ఎస్‌డీలో కదిలే భాగమే లేదు. సాటా ఎస్‌ఎస్‌డీ సెకనుకు 550 ఎంబీ దాకా చదువుతుంది, జెన్ 3, అంటే మూడో తరం, ఎన్‌వీఎంఈ 3500 దాకా, జెన్ 4 అయితే 7000 దాకా. ఆ పెద్ద అంకెలు చూసి సాటా స్లాట్ ఉన్నవాళ్లు దిగులు పడొద్దు. హార్డ్ డిస్క్ నుంచి సాటా ఎస్‌ఎస్‌డీకి మారినప్పుడు తెలిసే తేడా చాలా పెద్దది. అక్కడి నుంచి ఎన్‌వీఎంఈకి మారితే పెద్ద వీడియోలు ఎడిట్ చేసేవాళ్లకు తప్ప మాలాంటి పనుల్లో పెద్దగా తెలియదు. అలాగే మీ ల్యాప్‌టాప్ జెన్ 3 అయితే జెన్ 4 కార్డు పనిచేస్తుంది గానీ జెన్ 3 వేగంతోనే, కాబట్టి దానికోసం ఎక్కువ డబ్బు పెట్టొద్దు.

ఎస్‌ఎస్‌డీ అరిగిపోతుందట కదా అని చాలామంది భయపడతారు. డబ్బా మీదో, కంపెనీ సైట్‌లోనో టీబీడబ్ల్యూ అని ఒక అంకె ఉంటుంది, మొత్తం ఎన్ని టెరాబైట్లు రాయడానికి హామీ ఇస్తున్నారో అది. ఉదాహరణకు సామ్‌సంగ్ 870 ఈవో 500 జీబీకి 300 టీబీ, లేదా ఐదేళ్లు, ఏది ముందైతే అది. రోజుకు 20 జీబీ రాసినా 300 టీబీ నిండడానికి 15,000 రోజులు పడుతుంది. కాబట్టి ఆ టెన్షన్ వదిలేయండి. వేర్వేరు కంపెనీలవి పోల్చేటప్పుడు మాత్రం ఈ అంకె, వారంటీ ఏళ్లు పక్కపక్కన పెట్టి చూడండి. మూడేళ్లదానికీ ఐదేళ్లదానికీ ధరలో తేడా కొంచెమే అయితే ఐదేళ్లదే తీసుకోండి. లేబుల్‌లో టీఎల్‌సీ, క్యూఎల్‌సీ (డేటా దాచే చిప్‌ల రకాలు) అని ఉంటే, పని ఫైళ్లకు టీఎల్‌సీ మేలు. క్యూఎల్‌సీ డిస్క్‌లో ఒకేసారి చాలా జీబీలు కాపీ చేస్తే కొంతదూరం వేగంగా పోయి తర్వాత బాగా నెమ్మదిస్తుంది.

సైజు విషయంలో అందరికీ ఒకే లెక్క చెప్పలేను. ఇప్పుడున్న డిస్క్‌లో ఎంత నిండిందో చూసి దానికి రెట్టింపు తీసుకోండి. 500 జీబీ డిస్క్ విండోస్‌లో 465 అని, 1 టీబీ 931 అని కనిపిస్తుంది. మోసం కాదు, కంపెనీ వెయ్యితో లెక్కపెడితే విండోస్ 1024తో లెక్కపెడుతుంది. ఇంకో మాట. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ఆగిపోయింది. మీ ల్యాప్‌టాప్‌లో ఇంటెల్ ఎనిమిదో తరం కంటే పాత ప్రాసెసర్ ఉంటే అది, ఒకటీ అరా మినహా, విండోస్ 11కు అధికారికంగా అర్హత పొందదు. అలాంటి దాంట్లో పెద్ద సైజు, ఖరీదైన డిస్క్ పెట్టకండి. నేను నాకు 500 జీబీ సాటా ఎస్‌ఎస్‌డీ వేసుకున్నాను, 2.5 అంగుళాలది, పాత డిస్క్ చోటులోనే.

కొనేటప్పుడు డబ్బా సీల్ చూడండి. జీఎస్టీ బిల్లు మీద సీరియల్ నంబర్ రాయించుకోండి, ఊరికే "ఎస్‌ఎస్‌డీ 1" అని రాస్తే ఒప్పుకోవద్దు. అక్కడే నిలబడి ఆ నంబర్‌ను కంపెనీ సైట్‌లో వారంటీ పేజీలో కొట్టి చూడండి. ఇంటికొచ్చాక క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫోలో పవర్ ఆన్ అవర్స్ చూడండి. కొత్తదానికి సున్నా, లేదా దాని దగ్గర ఉండాలి. వందల గంటలు చూపిస్తే అది ఎవరో వాడిన డిస్క్. పేరు వినని కంపెనీది, పెద్ద సైజు, నమ్మలేనంత చవక అయితే హెచ్2టెస్ట్‌డబ్ల్యూ అనే ప్రోగ్రాంతో మొత్తం నింపించి చూడండి. నకిలీ వాటిలో కొద్దిపాటి చిప్ పెట్టి రెండు టీబీ అని చూపించేలా చేస్తారు, నింపితే బయటపడుతుంది. చవకగా వస్తుందని ఎక్స్‌టర్నల్ డిస్క్ కొని పగలగొట్టి లోపలిది వాడదామనుకునేవాళ్లకు: చాలావాటిలో యూఎస్‌బీ సాకెట్ డిస్క్ బోర్డు మీదే ఉంటుంది, సాటా కనెక్టరే ఉండదు.

పాత డిస్క్‌ను కొత్తదాని మీదకు మొత్తంగా కాపీ చేయడాన్ని క్లోనింగ్ అంటారు. అను ఫాంట్లు, పేజ్‌మేకర్, ప్రింటర్ సెట్టింగులు మళ్లీ మొదటినుంచి పెట్టుకోవడం మా పనిలో పెద్ద శ్రమ, అందుకే నేను క్లోనే చేశాను. యూఎస్‌బీ నుంచి సాటాకు కేబుల్ ఒకటి కొనుక్కోవాలి. ఎన్‌వీఎంఈ అయితే దానికి వేరే కేస్ ఉంటుంది, ఇది దానికి పనికిరాదు. క్లోన్‌జిల్లా ఉచితం. మామూలుగా కొత్త డిస్క్ పాతదానికంటే చిన్నదైతే ఒప్పుకోదు. నాది 1 టీబీ నుంచి 500కు కాబట్టి ముందు పాతదాంట్లో పార్టిషన్లు (సీ, డీ లాంటి భాగాలు) కుదించి, సైజు తనిఖీ వద్దనే ఆప్షన్ పెట్టాల్సి వచ్చింది. సీ5 పెరుగుతున్న డిస్క్‌ను క్లోన్ చేయడం కూడా శ్రమే, మధ్యలో ఆగిపోవచ్చు. ఫైళ్లు ముందే బయటకు తీయమన్నది అందుకే.

క్లోనింగ్‌కు ముందు బిట్‌లాకర్ (డిస్క్‌కు తాళం వేసే విండోస్ ఏర్పాటు) ఉందేమో చూడండి. మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో లాగిన్ అయిన చాలా ల్యాప్‌టాప్‌లలో మనకు తెలియకుండానే ఆన్ అయి ఉంటుంది. రికవరీ కీ 48 అంకెలు, దాన్ని కాగితం మీద రాసి పెట్టుకోండి. క్లోన్ అయ్యాక మొదటిసారి ఆన్ చేసేటప్పుడు పాత డిస్క్ తగిలించి ఉండకూడదు, రెండింటికీ ఒకే గుర్తింపు ఉంటుంది కాబట్టి విండోస్ తికమకపడుతుంది. విండోస్ కొత్తగా వేసేవాళ్లకు ఇన్‌స్టాల్ సమయంలో ఎన్‌వీఎంఈ డిస్క్ కనిపించకపోతే, కంగారుపడి వాపసు ఇవ్వకండి. ఇంటెల్ పదకొండో తరం, తర్వాతి వాటిలో వీఎండీ అనే సెట్టింగ్ వల్ల అలా జరుగుతుంది. ల్యాప్‌టాప్ కంపెనీ సైట్ నుంచి ఆ డ్రైవర్ పెన్‌డ్రైవ్‌లో వేసి లోడ్ డ్రైవర్ నొక్కితే కనిపిస్తుంది.

పాత డిస్క్‌ను కనీసం నెలరోజులు అలాగే ఉంచండి. నేను దాని మీద తేదీ రాసి, యాంటీస్టాటిక్ కవర్లో పెట్టి బీరువాలో ఉంచాను. మూడో వారంలో ఒక పాత పెళ్లి పత్రిక ఫైలు కావాల్సి వచ్చి తగిలిస్తే, చాలాసేపు టిక్ టిక్ మని చివరికి ఇచ్చింది. ఆరోగ్యంగా ఉన్న పాత హార్డ్ డిస్క్ అయితే కేస్‌లో పెట్టి బ్యాకప్‌కు వాడుకోవచ్చు. ఏళ్ల తరబడి కరెంటు లేకుండా దాచిపెట్టే వాటికి ఎస్‌ఎస్‌డీ కన్నా అదే నయం.

ఎవరికైనా ఇచ్చేయాలన్నా, పాత సామాన్ల వాడికి వేయాలన్నా ముందు పూర్తిగా తుడవాలి. క్విక్ ఫార్మాట్ కొడితే పోవు, అందులో మీ ఆధార్ స్కాన్లు, కస్టమర్ల ఫోన్ నంబర్లు అలాగే ఉంటాయి. విండోస్‌లో డిస్క్‌పార్ట్ తెరిచి, ఆ డిస్క్ నంబర్ ఎంచుకుని, క్లీన్ ఆల్ అని కొడితే చివరిదాకా సున్నాలు రాస్తుంది, గంటలు పడుతుంది. నంబర్ ఎంచుకునే ముందు సైజు రెండుసార్లు చదవండి. నా దాంట్లో పాతది 931, కొత్తది 465.